పది డబ్బాలు కొనేముందు ముప్పై షాట్లు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. 60 షాట్లకు సగటున 576 వస్తున్నాయి. ఇంటి వెనుక పాత ధాన్యం గోదాములో పది మీటర్లు కొలిచి టార్గెట్ ఏర్పాటు చేశాను. టెక్సస్‌లో ఉన్న మా అక్క కొడుకు తన రైఫిల్‌కు 77 గ్రెయిన్ల బరువు తూటాలు చవకగా దొరికాయనీ, వాటితో గ్రూపు, అంటే కాగితం మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు, సగానికి తగ్గిందనీ ఫోటోలు పంపాడు. 'బరువు ఎక్కువైతే గురి నిలుస్తుంది మామయ్యా' అన్నాడు. ఆ మాట మీద నేనూ రెండు డబ్బాలు తెప్పించాను. ఒకటి జర్మనీ మ్యాచ్ (పోటీ రకం) పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే సీసపు గుళ్లు, 0.53 గ్రాములవి. రెండోది దాని ధరలో పావు వంతుకే వచ్చింది. డబ్బా మీద 'హెవీ మ్యాచ్' అని ఉంది, ఒక్కోటి 0.68 గ్రాములు, ముక్కు గుండ్రంగా ఉంది. బల్ల మీద ఇసుక సంచి పెట్టి ఒక్కోదానితో ఐదేసి షాట్లు కొట్టాం. రంధ్రాల బయటి అంచుల మధ్య ఖరీదైనదానికి 8 మిల్లీమీటర్లు, చవకదానికి 7 వచ్చింది. చవకవి పది డబ్బాలు కొనేయమంటారా? వచ్చే నెల మా మేనల్లుడు వస్తూ తన తూటాలు ఒక పెట్టె చూడటానికి తెస్తానంటున్నాడు, తెమ్మనమంటారా?

జవాబు: మాస్టారూ, ముందు రెండో ప్రశ్న సంగతి తేల్చేద్దాం. వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. లైసెన్సు లేకుండా సామానులో ఒక్క తూటా దొరికినా విమానాశ్రయంలోనే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. అమెరికాలో అది కొట్లో దొరికే సరుకే కావచ్చు, ఇక్కడ కాదు. మీ అమ్మాయి రైఫిల్ సంగతి వేరు. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, శక్తి 20 జూళ్ల లోపు ఉన్న ఎయిర్ రైఫిళ్లకు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల పోటీ రైఫిల్ శక్తి ఏడెనిమిది జూళ్లకు మించదు. మీ పెల్లెట్లు మన దేశంలోనే బిల్లు మీద దొరుకుతాయి కాబట్టి ఎవరి సూట్‌కేసు మీదా ఆధారపడనక్కర్లేదు.

ఇక పది డబ్బాల సంగతి. కొనకండి. చవకవి కాబట్టి వద్దంటున్నానని అనుకోవద్దు. బరువు గురించి మీ మేనల్లుడు చెప్పింది అతని రైఫిల్‌కు సరిపోతుంది గానీ మీ గోదాముకు వర్తించదు. పైగా మీరు కొట్టిన ఐదు షాట్లు ఏ డబ్బా మేలో చెప్పలేవు.

మీ మేనల్లుడిది బహుశా .223 రైఫిల్ అయి ఉంటుంది. మన సైన్యం ఇన్సాస్ రైఫిల్‌లో వాడే 5.56 మిల్లీమీటర్ల తూటాకు అది చాలా దగ్గరి చుట్టం. ఈ కొలతలో మామూలు తూటా 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. 77 గ్రెయిన్లంటే ఐదు గ్రాములు. గొట్టం వెడల్పు మారదు కాబట్టి బరువు పెరగాలంటే తూటా పొడవు పెరగాలి. పొడవాటి తూటా గాలిలో తల తిరగకుండా వెళ్లాలంటే బొంగరంలా ఇంకా వేగంగా తిరగాలి. ఆ తిప్పు ఇచ్చేది గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడులు. వియత్నాం యుద్ధం నాటి అమెరికా సైన్యపు రైఫిల్ ఎం16లో ఈ గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది, 55 గ్రెయిన్లకు అది చాలు. 1980లలో వచ్చిన ఎం16ఎ2లో దాన్ని 7 అంగుళాలకు ఒక చుట్టు చేశారు. 77 గ్రెయిన్ల తూటాను 12 అంగుళాల మెలిక ఉన్న గొట్టంలో పెడితే అది తూలుతూ వెళ్లి కాగితాన్ని పక్కవాటుగా తాకుతుంది. రంధ్రం గుండ్రంగా కాకుండా తాళంచెవి కన్నంలా పడుతుంది. అతనికి గ్రూపు తగ్గిందంటే అతని గొట్టం మెలిక 7 లేదా 8 అంగుళాలకు ఒక చుట్టు ఉండి ఉంటుంది. అంటే తూటా ఆ గొట్టానికి కుదిరింది. మ్యాచ్ తూటా తయారీలో ఇంకో సంగతి ఉంది. దాని రాగి తొడుగును వెనుకనుంచి ముక్కు వైపు లాగుతారు. అందుకే ముక్కున చిన్న రంధ్రం మిగులుతుంది, అడుగు మాత్రం సమంగా వస్తుంది. తూటా గొట్టం నోరు వదిలే క్షణంలో గురిని నిలిపేది ఆ అడుగే. మామూలు తూటాలతో పోల్చి గ్రూపు సగమైందంటే అందులో బరువు వాటా ఎంతో, ఈ అడుగు నునుపు వాటా ఎంతో అతనూ విడదీసి చూసి ఉండడు.

బరువు వల్ల అసలు లాభం దూరాన ఉంటుంది. 600 గజాల దగ్గర పక్కగాలి తూటాను తోసేస్తుంటే, బరువైన సన్నని తూటా వేగాన్ని నిలబెట్టుకుని తక్కువ జరుగుతుంది. మీ గోదాములో గాలి లేదు, దూరం పది మీటర్లు. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో బయల్దేరి సెకనులో పదహారో వంతులో కాగితానికి చేరుతుంది. ఇక్కడ బరువు పెంచితే ఒరిగేదేమీ లేకపోగా ఒక నష్టం ఉంది. అదే గాలి శక్తితో 0.68 గ్రాముల పెల్లెట్ సుమారు 150 మీటర్ల వేగంతోనే వెళ్తుంది, గొట్టంలో ఎక్కువ సేపు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన తర్వాత మీ అమ్మాయి చెయ్యి ఏ మాత్రం కదిలినా ఆ కదలిక పెల్లెట్‌లోకి ఎక్కడానికి అంత ఎక్కువ సమయం దొరుకుతుంది. పోటీ పెల్లెట్ల లోకంలో 'హెవీ' అంటే 0.53 గ్రాములే. 0.45 గ్రాముల తేలికవి ఎక్కువగా పిస్టల్ వాళ్లవి. 0.68 అనేది తోటలో డబ్బాలు కొట్టుకునేవాళ్ల సరుకు. దాని మీద 'మ్యాచ్' అని అచ్చు వేయించడానికి అచ్చాఫీసు ఖర్చు తప్ప ఇంకేం కావాలి?

గుండ్రటి ముక్కు ఇంకో ఇబ్బంది తెస్తుంది. పోటీ పెల్లెట్ ముక్కు బల్లపరుపుగా ఉండేది కాగితాన్ని గుండ్రంగా కోయడానికి. గుండ్రటి ముక్కు కాగితాన్ని చింపుతుంది, రంధ్రం అసలు కొలత కన్నా చిన్నగా కనిపిస్తుంది. మీకు 7 మిల్లీమీటర్లు వచ్చిందన్నారు. అందులో కొంత చిరుగు చలవ కావచ్చు. ఆ పెల్లెట్లతో కొట్టిన కాగితం ఒకటి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, రంధ్రం అంచున పీచు లేచి ఉంటుంది.

ఇప్పుడు ఐదు షాట్ల సంగతి. లెక్కల మాస్టారు కాబట్టి కొంచెం లోతుకు వెళ్తాను. ముందు బయటి అంచుల కొలతలోంచి పెల్లెట్ వెడల్పు 4.5 తీసేయండి. మధ్యనుంచి మధ్యకు ఒకటి 3.5, రెండోది 2.5. తేడా ఒక మిల్లీమీటరు. ఐదు షాట్ల గ్రూపు సగటున 3 మిల్లీమీటర్లు వచ్చే ఒకే డబ్బా నుంచి గ్రూపులు వరుసగా కొడుతూ పోతే, ఒకసారి రెండు కన్నా కాస్త ఎక్కువ, ఇంకోసారి నాలుగుకు కాస్త తక్కువ రావడం మామూలే. ఐదు షాట్ల గ్రూపుకు సగటులో నాలుగో వంతుకు మించిన ఊగిసలాట సహజంగానే ఉంటుంది. మీరు చూసిన తేడా ఆ ఊగిసలాట లోపలే ఉంది. మీరు ఒకే డబ్బాను రెండు పేర్లతో పరీక్షించినా ఇలాంటి ఫలితమే రావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. గ్రూపు అంటే అన్నిటికన్నా దూరంగా పడిన రెండు షాట్ల మధ్య దూరం. మిగతా మూడూ ఎక్కడ పడ్డాయో ఆ కొలతకు పట్టదు. షాట్లు పెరిగేకొద్దీ అది పెరుగుతూనే పోతుంది. ఐదుకు 3 వచ్చే పెల్లెట్లే పదికి సుమారు 3.7 చూపిస్తాయి. అందుకే ఎవరైనా గ్రూపు ఇంత అని గొప్ప చెబితే, ఎన్ని షాట్లకు, ఎన్ని గ్రూపుల సగటు అని అడగండి. మూడు షాట్లు కొట్టి బాగా వచ్చిన కాగితం ఒక్కటే ఫోటో తీసి పంపే అలవాటు ఇండియాలోనూ ఉంది, టెక్సస్‌లోనూ ఉంది.

ఇలా చేయండి. ఒక్కో డబ్బాకు ఆరు గ్రూపులు, ఒక్కో గ్రూపుకు ఐదు షాట్లు, ఒక్కో గ్రూపుకు కొత్త టార్గెట్. ముప్పై షాట్లు అవుతాయి, 500 ఉన్న డబ్బాలో అది పెద్ద ఖర్చు కాదు. ఆరు గ్రూపుల సగటు తీయండి. రెండు డబ్బాల సగటుల మధ్య తేడా ఐదో వంతు కన్నా తక్కువ ఉంటే అది తేడా కింద లెక్క కాదు, ధర తక్కువున్నది తీసుకోవచ్చు. ఒక డబ్బా ముప్పై షాట్లూ కొట్టేసి తర్వాత రెండోది మొదలుపెట్టకండి. మధ్యాహ్నానికి గోదాము వేడెక్కుతుంది, బల్ల దగ్గర కూర్చున్న మనిషికి మెడ పట్టేస్తుంది, సిలిండర్‌లో గాలి తగ్గుతుంది. ఈ నష్టమంతా రెండో డబ్బా నెత్తిన పడుతుంది. ఒక గ్రూపు దీనిది, ఒకటి దానిది, తర్వాతి జంటలో వరుస తిరగేసి అది ముందు, ఇది తర్వాత కొట్టండి. డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి ఐదారు షాట్లు పక్క కాగితం మీద కొట్టి వదిలేయండి. పాత పెల్లెట్ల సీసం గొట్టంలోంచి పోయి కొత్తది పట్టుకోవడానికి ఆ మాత్రం కావాలి. సిలిండర్ గేజి ముల్లు ఎరుపు గీతకు చేరకముందే గాలి నింపండి. వేగం సెకనుకు రెండు మీటర్లు తగ్గితే పది మీటర్ల దగ్గర పెల్లెట్ 0.4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మీరు వెతుకుతున్న తేడా కూడా ఇంచుమించు అంతే.

ఏ డబ్బా ఏదో కొట్టే మనిషికి తెలియకూడదు. రెండు సీసా మూతల్లో పోసి అడుగున గుర్తు పెట్టి అమ్మాయికి ఇవ్వండి. ఖరీదైనవని తెలిస్తే అమ్మాయి ఊపిరి ఇంకాస్త బిగబడుతుంది, చవకవి నెగ్గాలని మీకు ఉంటే కొలిచేటప్పుడు వెర్నియర్ దవడ ఒక వెంట్రుకవాసి లోపలికి జరుగుతుంది. అందుకని కొలిచే మనిషికి కూడా తెలియకపోవడం మంచిది. ఆ పని మీ ఇంటావిడకు అప్పగించండి.

పరీక్షకు మూడో డబ్బా ఒకటి చేర్చమంటాను. మీరు తెప్పించిన రెండూ రెండు కొసల్లో ఉన్నాయి. జర్మనీ కంపెనీలే తమ పై రకానికి ఒక మెట్టు కింద, అంతే బరువున్న బల్లపరుపు ముక్కు పెల్లెట్లు చేస్తాయి. ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ల ఆర్10 పై రకమైతే మైస్టర్‌కుగెల్న్ దాని కింది మెట్టు. చాలా క్లబ్బుల్లో పిల్లలు ఏడాది పొడవునా సాధన చేసేది ఈ మధ్య రకంతోనే. డబ్బా మూత మీద 4.49, 4.50, 4.51 అని తల కొలతలు ఉంటే ఒకటి చొప్పున తెప్పించండి. మిల్లీమీటరులో నూరో వంతు కూడా గొట్టానికి తెలుస్తుంది. మీ రైఫిల్ పెట్టెలో కంపెనీ వాళ్లు కొట్టి పెట్టిన పరీక్ష కాగితం ఉందేమో వెతకండి. పోటీ రైఫిళ్లతో సాధారణంగా అది వస్తుంది, ఏ పెల్లెట్‌తో కొట్టారో కూడా కొన్నిటి మీద రాసి ఉంటుంది. దాన్ని మీ పరీక్షకు తొలి సాక్ష్యంగా వాడుకోవచ్చు.

కొట్టకముందే చెడ్డ డబ్బాను పట్టే దారి కూడా ఉంది. యాభై పెల్లెట్లు తెల్లగుడ్డ మీద పోసి ఒక్కోటి వేళ్ల మధ్య తిప్పి వెనుక అంచు చూడండి. అంచు ఒక పక్క నొక్కుకుపోతే గాలి ఆ పక్కనుంచి ముందుగా తప్పించుకుంటుంది, పెల్లెట్ గొట్టం వదలగానే పక్కకు తిరుగుతుంది. తర్వాత తెలిసిన బంగారం కొట్టుకు వెళ్లండి, వాళ్ల తూకానికి మిల్లీగ్రాము కూడా తెలుస్తుంది. బేరం లేని మధ్యాహ్నం వెళ్తే కాదనరు. 0.53 అని రాసిన డబ్బాలో 0.50 నుంచి 0.56 దాకా దొరికితే దాన్ని కొట్టి చూడటం కూడా దండగ. తూకం బాగుంటే మాత్రం అంతటితో పాసు చేసేయకండి. తూకం ఒకేలా ఉండి తల కొలత తేడాగా ఉన్న డబ్బాలు ఉంటాయి, అవి కాగితం మీదే పట్టుబడతాయి.

ఇంతా చేసి లాభమెంత అని మీరు అడగాలి. పది మీటర్ల టార్గెట్‌లో పెల్లెట్ మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే 10.0 లేదా ఆపైన. ప్రతి 0.1 పాయింటుకు 0.25 మిల్లీమీటరు. 576ను 60తో భాగిస్తే 9.6, అంటే అమ్మాయి షాట్ సగటున మధ్యనుంచి సుమారు 3.4 మిల్లీమీటర్లు తప్పుతోంది. పెల్లెట్ తప్పు, చేతి తప్పు నేరుగా కూడవు. మీరు రోజూ బోర్డు మీద గీసే లంబకోణ త్రిభుజంలా వర్గాలే కూడతాయి. పెల్లెట్ వాటా 1.2 మిల్లీమీటర్లు అనుకుంటే, 3.4 వర్గం 11.56లోంచి 1.44 పోగా 10.12, చేతి వాటా సుమారు 3.18. ఇప్పుడు 0.8 వాటా ఉన్న మంచి పెల్లెట్ పెట్టండి. 10.12కు 0.64 కలిపితే 10.76, దాని వర్గమూలం 3.28. తగ్గింది 0.12 మిల్లీమీటర్లు. అరవై షాట్లకు మూడు పాయింట్లకు అటూఇటూ. షాట్‌కు గరిష్ఠం 10.9 కాబట్టి అరవైకి 654, అందులో అమ్మాయి పోగొట్టుకుంటున్నవి 78. ఆ 78లో మూడు పాయింట్లు పెల్లెట్ డబ్బాలో ఉన్నాయి, మిగతావి భుజం దగ్గర, బుగ్గ దగ్గర, ట్రిగ్గర్ వేలి దగ్గర ఉన్నాయి.

లండన్‌లో 2012లో ఇదే 10 మీటర్ల పోటీలో కాంస్యం తెచ్చిన హైదరాబాదీ గగన్ నారంగ్ లాంటివాళ్ల లెక్క వేరు. 630 దాటిన షూటర్ సగటు తప్పు మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ ఉంటుంది. అక్కడ పెల్లెట్ వాటా 1.2 ఉంటే ఇంటికి రావడమే. అందుకే వాళ్లు రైఫిల్‌ను పట్టెలో బిగించి, లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు వారీగా కొట్టి చూసి, నచ్చిన లాట్ ఒక్కసారే కొనేస్తారు. 50 మీటర్ల .22 పోటీలకైతే తూటా కంపెనీలే పరీక్ష రేంజిలు నడుపుతాయి. ఇంగ్లండ్‌లో ఈలీ కంపెనీ దగ్గరికి షూటర్లు తమ రైఫిళ్లు మోసుకుని వెళ్తారు. అమ్మాయి స్కోరు పెరిగాక భువనేశ్వర్ కళింగ స్టేడియంలో గగన్ నారంగ్ పేరుతో నడిచే శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లి అక్కడి కోచ్‌లకు రైఫిల్ చూపించండి. ఇప్పుడే ఆ ఖర్చు అక్కర్లేదు.

లాట్ నంబరు మాట వచ్చింది కాబట్టి: మీ పరీక్షలో నెగ్గేది ఫలానా బ్రాండు కాదు, ఫలానా లాట్. డబ్బా అడుగున లేదా వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదే బ్రాండు తర్వాతి లాట్ వేరే అచ్చులోంచి వచ్చి ఉండవచ్చు. కాబట్టి పది డబ్బాలు కొనాలని మీకు అంత మనసుంటే, పరీక్ష అయ్యాక నెగ్గిన లాట్‌వి కొనండి. దుకాణదారుడు నంబరు చూసి పంపుతానంటేనే డబ్బు కట్టండి.

వాటిని దాచడం కూడా ముఖ్యమే. మహేంద్రతనయ ఒడ్డున వానాకాలం తేమ ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా? తేమ తగిలిన సీసం మీద తెల్లటి పొడి పట్టి పెల్లెట్ తల కొలత మారిపోతుంది, పైగా ఆ పొడి విషం. డబ్బాల్ని మూత బిగిసే ప్లాస్టిక్ పెట్టెలో సిలికా పొట్లాలతో పెట్టండి. ఇక్కడ కొంచెం కటువుగా చెబుతాను. సీసం పిల్లల మెదడుకు మంచిది కాదు. షాట్‌కూ షాట్‌కూ మధ్య పెల్లెట్లు పెదవుల మధ్య పట్టుకునే అలవాటు కొందరు పిల్లలకు ఉంటుంది, అది కనిపిస్తే ఆ రోజుకు రైఫిల్ లాక్కోండి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా పలహారం ముట్టనివ్వకండి. పెల్లెట్లు పడే పెట్టెను చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. అది ధాన్యం గోదాము అన్నారు. ఆ మూలన ఇంకా బస్తాలు ఉంటే ముందు వాటిని బయటికి తరలించండి.

మీ చేతిలో ఉన్న 0.68 డబ్బాను పారేయనక్కర్లేదు. దాన్ని ట్రిగ్గర్ సాధనకు వాడండి. టార్గెట్ తీసేసి వెనుక తెల్ల అట్ట మాత్రం పెట్టి, పాయింట్లు చూడకుండా షాట్ తర్వాత రైఫిల్‌ను అలాగే నిలిపి ఉంచడం నేర్పండి. నెమ్మదిగా వెళ్లే పెల్లెట్ ఆ పాఠానికే పనికొస్తుంది. రోజువారీ స్కోరు సాధనకు మధ్య రకం పెట్టుకోండి. ఖరీదైనది పోటీకి ఉంచుకుంటే పోటీకి వారం ముందునుంచి దాన్నే వాడాలి. పెల్లెట్ మారితే తగిలే చోటు జరుగుతుంది. ఏ డబ్బాకు గురి చూసే సైటు ఎన్ని క్లిక్కులు, ఏ పక్కకు తిప్పాలో అమ్మాయి చేతే డైరీలో రాయించి, డబ్బా మూత మీద కూడా అంటించండి.